కరెంటు ఆవం, ఫ్యూజు పీకిన వీధి

మా పక్కవాటాలో ఉండే అమ్మాయికి మొన్న కరెంటు డిపార్ట్‌మెంటులో సబ్ ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. నేను ఆ ఉద్యోగంలోనే జుట్టు నెరిసి బయటికొచ్చినవాణ్ణి కదా, స్వీట్లు పట్టుకుని వచ్చి "అంకుల్, ముందుగా ఏం నేర్చుకోమంటారు?" అని అడిగింది. లోడు లెక్కలు పుస్తకాల్లో ఉంటాయి. ఎస్టిమేట్లు వెయ్యడం ఆఫీసులో ఎవరో ఒకరు నేర్పుతారు. నాకు చెప్పాలనిపించింది ఒకే ఒక్క సంగతి. మొదలుపెట్టాక అరగంటలో అయ్యేది కాదని అర్థమైంది. అందుకే రాస్తున్నాను.

మా పని

కాలవలో నీళ్ళున్నాయో లేవో గట్టు మీద నిలబడితే కనిపిస్తుంది. తీగెలో కరెంటు ఉందో లేదో కనిపించదు. ఉన్న తీగె మీదా కాకి వాలుతుంది, లేని తీగె మీదా వాలుతుంది. ఇన్నేళ్ళ సర్వీసులో నేను చూసిన తీగెల్లో ఒక్కదాన్ని కూడా చూపుతో ఇది బతికుంది, ఇది చచ్చింది అని చెప్పలేకపోయాను. ఎవరైనా చెప్పగలనంటే ఆ మనిషి దగ్గర పని చెయ్యకండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ భయం అందరికీ ఉంటుంది. ఆరు నెలల్లో పోతుంది. నాకూ పోయింది. దాని బదులు లెక్క మీద నమ్మకం వచ్చింది. ఇంత లోడు, ఇంత తీగె, ఇంత ఫ్యూజు. లెక్క కుదిరితే ఇక చూడాల్సిందేమీ లేదనుకునేవాణ్ణి. నా లెక్క కుదిరి, ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది.

మిల్లులో ఆవం

తొంభైల చివర్లో నేను నిడదవోలు వైపు పనిచేసేవాణ్ణి. అక్కడికి కొన్ని మైళ్ళ దూరంలో కాలవ గట్టున ఒక ఊరు. పేరు చెప్పను, ఆ మనుషులు ఇంకా ఉన్నారు. ఆ ఊరి చివర మూతపడ్డ బియ్యం మిల్లు ఒకటి ఉండేది. రేకులు తుప్పు పట్టి, గోడల మీద ఊక దుమ్ము నల్లగా పేరుకుని, మధ్యాహ్నం పూట కూడా లోపల చీకటిగా ఉండేది. పిట్టలు కూడా గూళ్ళు పెట్టని షెడ్డు అది. మిల్లు యంత్రం నడిపే డ్రైవరు వెంకన్న అనే ఆయన ఆ దుమ్ముకి ఆయాసం పట్టి పోయాడనీ, ఆయన పోయిన ఏడే మిల్లు ఆగిపోయిందనీ ఊళ్ళో చెప్పుకునేవారు.

ఆ మిల్లుని వసుంధర గారు అద్దెకి తీసుకున్నారు. నలభై దాటిన మనిషి. ఉత్తరాదిన ఎక్కడో కుండల పని చదువుకుని వచ్చారు. కుమ్మరి పనికి చదువేంటని ఊరు నవ్వింది. ఆవిడ పట్టించుకోలేదు. కాలవ పూడిక తీసినప్పుడు వచ్చిన బంకమట్టిని బళ్ళ మీద తోలించుకుని, ఆ షెడ్డులో కుండలు తిప్పే సారె పెట్టుకుని, పళ్ళేలూ కూజాలూ చేసేవారు. వాటిని కాల్చడానికి ఏదో కాలేజీ వాళ్ళు తీసేసిన కరెంటు ఆవం ఒకటి లారీలో తెప్పించారు. మనిషెత్తు ఇనప బీరువాలా ఉండేది. తలుపు తీస్తే లోపల ఇటుకల గాడుల్లో జడల్లాగా చుట్టలు చుట్టిన కాయిల్స్.

"మీ కరెంటు దీనికి సరిపోతుందాండీ?" అన్నది ఆవిడ ప్రశ్న.

పాత మిల్లు మోటారు కంటే ఆవం చిన్న లోడు. మూడు తీగెల త్రీ ఫేజు లైను ఎలాగూ మిల్లు దాకా ఉంది. పాడైన జాయింట్లు మార్పించాను, మెయిన్ స్విచ్చి కొత్తది పెట్టించాను. అయినా మొదటి రెండు కాల్పులూ చెడిపోయాయి. ఆవిడ సాయంత్రం మొదలుపెట్టి తెల్లారేదాకా కాల్చేవారు. తలుపులో ఒక చిన్న కన్నం ఉండేది. అందులోంచి చూస్తే లోపల మూడు మట్టి మేకులు నిలబడి కనిపిస్తాయి. తగిన వేడి రాగానే అవి తలలు వంచుతాయట. "ఎంతసేపు చూసినా తల వంచవండీ. నన్నే చూస్తున్నట్టుంటాయి" అన్నారు వసుంధర గారు.

నాలుగు రోజులు మీటరు పెట్టి చూశాను. పగలు నాలుగొందల దాకా ఉండే వోల్టేజి, సాయంత్రమయ్యేసరికి మూడొందల నలభైకి పడిపోతోంది. ఇళ్ళల్లో దీపాలు, చెరువుల మోటార్లు, అన్నీ ఒక్కసారి పడతాయి. వోల్టేజి కొంచెం తగ్గితే వేడి చాలా తగ్గుతుంది. అంత పడితే పావు వంతుకి పైగా వేడి పోయినట్టే. ఆవంలో తప్పు లేదు, వేళలో ఉంది.

"తెల్లవారుజామున మొదలుపెట్టండి. మధ్యాహ్నం మూడింటికల్లా అయిపోతుంది. వోల్టేజి నిండుగా ఉండే వేళ అది" అన్నాను.

ఆవిడ అలాగే చేశారు. మూడో కాల్పుకి మేకులు తలలు వంచాయి. గాజు పూత కరిగి, పళ్ళేలు వానకి తడిసిన మామిడాకుల్లా మెరిశాయి. నాకొక కూజా ఇచ్చారు. కాలర్ ఎగరేసుకుంటూ ఇంటికెళ్ళాను.

ఆవాన్ని పగటికి మార్చింది నేనే. లైన్ల మీద మనుషులు పనిచేసేది పగలేనన్న సంగతి నాకు తట్టలేదు.

సూరమ్మ గారు చెప్పింది

మిల్లుకి రెండిళ్ళ ఇవతల సూరమ్మ గారని ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఇందాక చెప్పిన డ్రైవరు వెంకన్న గారి భార్య. పెంకుటిల్లు, లోపల కిటికీ లేని గది. అందులో గోడకి ఆయన ఫొటో, ఫొటో ముందు ఎప్పుడూ ఆర్పని చిన్న ఎర్ర బల్బు.

ఒకరోజు నేనూ, లైన్‌మన్ రాజారావూ మిల్లు ముందు నిలబడి ఉంటే ఆవిడ కర్ర పోటేసుకుంటూ వచ్చింది. రాజారావు నాకంటే అయిదారేళ్ళు చిన్నవాడు. స్తంభం ఎక్కితే బల్లిలా ఎక్కేవాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అతను ఎరగని గడప లేదు.

"ఇంజనీరు బాబుగారూ, ఒక మాటండి. కరెంటు పోయినప్పుడు కూడా మా ఆయన ముందు బల్బు వెలుగుతుందండి" అంది.

"కరెంటు పోతే ఎలా వెలుగుతుంది మామ్మగారూ?"

"వెలుగుతుందండి. నిప్పు కణికలాగా, సన్నంగా. ఫ్యాను తిరగదు గానీ మూలుగుతాది. ఆయన ఆయాసపడినట్టే ఉంటాదండి."

రాజారావు మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. నేను ముఖం మీదే నవ్వాను. "కరెంటు లేకుండా వెలిగే బల్బయితే మా డిపార్ట్‌మెంటుకి ఇప్పించండి. ఎండాకాలం గట్టెక్కుతాం" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "పోయిన ప్రతిసారీ కాదండి. మిల్లు నడిచే రోజునే వస్తారు. మిల్లు మూసున్న రోజు కరెంటు పోతే చీకటే" అని చెప్పి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

మిల్లు నడవడమంటే ఆవిడ లెక్కలో వసుంధర గారి ఆవం నడవడం. ఆవిడ నాకు కొలిచి, తూచి, రోజుతో సహా చెప్పింది. నేను విన్నది దెయ్యం కథ.

ఆ వారంలోనే వసుంధర గారు ఇంకో మాట చెప్పారు. "మొన్న ఊళ్ళో మన వైపు కరెంటు పోయింది కదండీ. ఆవం మాత్రం ఆగలేదు. కన్నంలోంచి చూస్తే ఒకవైపు కాయిల్సు ఎర్రగా కాలుతున్నాయి, మిగిలిన రెండు వైపులా నల్లబడ్డాయి. శబ్దం కూడా వేరేగా వచ్చింది. అలా నడిస్తే పర్వాలేదాండీ?"

"ఒక ఫేజు ఫ్యూజు పోయి ఉంటుంది. రాజారావు వేసేశాడులెండి" అన్నాను.

ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరికొకరు తెలియకుండా, ఒకే సంగతిని రెండు చివర్ల నుంచి చూసి నాకు చెప్పారు. కలుపుకోవలసింది నేను.

ఆ మధ్యాహ్నం

రోహిణీ కార్తె. రోళ్ళు పగిలే ఎండ. సూరమ్మ గారి వీధి చివర, ఇస్త్రీ బండి పక్క స్తంభం మీద ఒక జాయింటు నిప్పులు కక్కుతోందని కంప్లయింటు వచ్చింది. రాజారావూ నేనూ నా స్కూటరు మీద వెళ్ళాం.

అక్కడ పని చెయ్యాలంటే ట్రాన్స్‌ఫార్మర్ మొత్తం ఆపాలి. అయితే ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీదే ఒక కోళ్ళఫారం ఉంది. అంత ఎండలో గంటసేపు ఫ్యాన్లు ఆగితే కోళ్ళు రాలిపోతాయి. మా పై అధికారి ఏఈ గారు అంతకుముందే ఖచ్చితంగా చెప్పారు. "మొత్తం ఆపొద్దయ్యా. కోళ్ళు చచ్చాయని వాళ్ళు పైవాళ్ళకి ఫోన్లు చేస్తారు. పని ఉన్న ఫేజు ఫ్యూజు ఒక్కటీ పీకి, పని చేసుకు రండి." ఏ సెక్షన్లోనైనా అప్పట్లో అలాగే చేసేవారు.

రాజారావు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆ ఒక్క ఫ్యూజూ పీకాడు. పీకిన ఫ్యూజుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అది మా వాళ్ళ అలవాటు. ఫ్యూజు మన జేబులో ఉంటే వెనకనుంచి ఇంకెవరూ దాన్ని పెట్టలేరు. దారిలో ఒక ఇంటి గుమ్మంలో ఆగి "అమ్మా, కరెంటు పోయిందా?" అని కేకేశాడు. "ఆయ్, పోయిందండి" అని లోపల్నుంచి సమాధానం వచ్చింది. తాడు భుజాన వేసుకుని వీధి చివరికి నడిచాడు. వీధి మధ్యలో వంపు ఉంది. ఆ వంపు తిరిగాక నాకు కనిపించలేదు.

ఆరోజు వసుంధర గారు కాలుస్తున్నారు. అతని పని అయ్యేలోపు మిల్లులో వోల్టేజి ఎలా ఉందో చూసొద్దామని నేను ఇటు బయల్దేరాను.

వీధిలో పురుగు లేదు. తలుపులన్నీ ఓరగా వేసున్నాయి. సూరమ్మ గారు మాత్రం గుమ్మంలో నిలబడి ఉంది, నాకోసమే ఎదురుచూస్తున్నట్టు.

"బాబుగారూ, ఒక్కసారి లోపలికి రండి. వచ్చేరు" అంది.

ఎందుకు వెళ్ళానో చెప్పలేను. పెద్దావిడ పిలిచింది, ఎండగా ఉంది, అంతే అయ్యుంటుంది. చెప్పులు వదిలి లోపలికెళ్ళాను. అంత వెలుగులోంచి వచ్చేసరికి కళ్ళకి ఏమీ ఆనలేదు. వేడి, విబూది వాసన. కాసేపటికి చీకట్లో ఒక చుక్క తేలింది. ఎరుపు కూడా కాదది. ఆరిపోబోయే పిడక లోపల ఉంటుందే, ఆ రంగు.

గోడ మీద స్విచ్చి చూశాను. ట్యూబు లైటు స్విచ్చి వేసే ఉంది, లైటు వెలగట్లేదు. ఫ్యూజు రాజారావు జేబులో ఉంది. బల్బు వెలుగుతోంది.

"ఇది చూడండి" అని ఆవిడ నా చెయ్యి పట్టుకుని స్టూలు మీదున్న ఫ్యాను మీద పెట్టింది. రెక్కలు కదలట్లేదు. కానీ ఆ ఇనప చట్రం లోపల్నుంచి వణుకుతోంది, రొప్పుతున్న గొడ్డు డొక్క మీద చెయ్యి వేసినట్టు. సన్నగా, ఆగకుండా ఒక మూలుగు.

నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఫొటోలో బనీను వేసుకున్న ఆయన, దట్టమైన మీసాలు, ఆ బొగ్గు వెలుతురులో నావైపే చూస్తున్నాడు. అబద్ధం చెప్పను, ఆ రెండు మూడు క్షణాలు నేను నమ్మాను. ఇరవై ఏళ్ళు కరెంటులో పనిచేసినవాణ్ణి, ఆ గదిలో మూడో మనిషి ఉన్నాడని నమ్మాను.

"ఎప్పుడొచ్చారు?" అన్నాను.

"ఇందాకే. కరెంటు తీశారు కదండీ, అప్పుడే. మిల్లు నడిచే రోజునే వస్తారని చెప్పేను కదా."

మిల్లు నడిచే రోజునే.

అప్పుడు తెలిసింది. భయం పోలేదు, చోటు మారింది. ఈ బల్బుకి కరెంటు మిల్లులోంచి వస్తోంది. ఈ ఇంట్లోకి వస్తున్నదంటే ఈ వీధి తీగెలోకి వస్తోంది. ఈ తీగె వీధి చివరి స్తంభం దాకా వెళ్తుంది.

చెప్పులు లేకుండానే పరిగెత్తాను. అటు స్తంభం దూరం, ఇటు మిల్లు రెండిళ్ళ అవతల. మిల్లు వైపే పరిగెత్తాను. వసుంధర గారు తలుపు కన్నానికి కన్ను ఆనించి చూస్తున్నారు.

"ఆపండి! ఆపెయ్యండి!"

"ఇంకో గంటేనండీ, మేకులు ఇప్పుడే వంగు..."

ఆవిణ్ణి తోసుకుంటూ వెళ్ళి మెయిన్ స్విచ్చి కిందికి లాగాను. ఆవం మూలుగు ఆగింది. ఆ నిశ్శబ్దంలో, వీధి చివర్నుంచి ఎవరో ఆడమనిషి కేక వినిపించింది.

నేను వెళ్ళేసరికి రాజారావు నడుముకి కట్టుకున్న తాడు మీద వేళ్ళాడుతున్నాడు. తల కిందికి వాలిపోయి ఉంది. కింద నలుగురైదుగురు. ఇస్త్రీ బండాయన "ఇప్పటిదాకా బాగానే ఉన్నాడండీ. రెండు చేతులతో పట్టుకుని పని చేసుకుంటున్నాడు. ఇప్పుడే, ఉన్నట్టుండి, వాలిపోయాడు" అన్నాడు.

ఉన్నట్టుండి వాలిపోయింది నేను స్విచ్చి లాగిన క్షణం. అంతవరకూ అతను పని చెయ్యట్లేదు. కరెంటు అతన్ని పట్టుకుని నిలబెట్టింది.

నిచ్చెన వేసి ముగ్గురం కలిసి దించాం. ఊపిరి ఉంది. కోళ్ళఫారం వ్యాన్‌లో నిడదవోలు ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

జరిగింది ఇది

మన వైపు వాళ్ళకి కాలవలతో చెప్తే తెలుస్తుంది. మూడు కాలవలున్నాయనుకోండి. ఒక కాలవ లాకు మూసేశారు. ఇక అందులో నీళ్ళు రావని దిగి పూడిక తీస్తున్నారు. కానీ కింద ఎక్కడో ఆ మూడు కాలవల్నీ కలుపుతూ ఒక బోదె, చిన్న పిల్ల కాలవ ఉంది. మిగతా రెండు కాలవల నీళ్ళు ఆ బోదెలోంచి ఎగదన్ని, మూసిన కాలవలోకి వెనకనుంచి వస్తాయి. లాకు మూసే ఉంటుంది, తాళం మీ జేబులోనే ఉంటుంది. అయినా మునిగిపోతారు.

ఆ ఆవంలో కాయిల్సు మూడు తీగెల్నీ ఒకదానితో ఒకటి త్రిభుజంలాగా కలిపి ఉన్నాయి. ఒక ఫ్యూజు పీకితే మిగతా రెండు ఫేజుల కరెంటు కాయిల్సులోంచి పోయి, పీకిన తీగెలోకి వెనక్కి వచ్చింది. ఇళ్ళల్లో ఉండే వోల్టేజిలో సగం కూడా లేదు. ట్యూబు లైటు వెలగదు, ఫ్యాను తిరగదు, చిన్న బల్బు మాత్రం కణికలా వెలుగుతుంది. పట్టపగలు బల్బులు ఎవరు వేసుకుంటారు? ఆ వీధి మొత్తంలో పగలూ రాత్రీ వెలిగే బల్బు సూరమ్మ గారింట్లోనే ఉంది. మనిషిని చంపడానికి ఆ మాత్రం వోల్టేజి చాలు.

మోటార్లు ఇలా కరెంటుని వెనక్కి తంతాయని నాకు తెలుసు. ఆవంలో తిరిగేది ఏమీ లేదు కదా, వేడెక్కడం తప్ప ఇంకేం చేస్తుందిలే అనుకున్నాను. వచ్చే దారి చూశాను, వెనక్కి వెళ్ళే దారి చూడలేదు.

రాజారావు

కుడి చేతి వేళ్ళు రెండు తీసేశారు. మూడో రోజుకి మాట్లాడాడు. మంచం పక్కన కూర్చుంటే, నేను అడక్కుండానే చెప్పాడు.

"నేను పట్టుకోలేదండి, అదే పట్టుకుంది. అరుద్దామంటే దవడ బిగుసుకుపోయింది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, చెవులు వినిపిస్తూనే ఉన్నాయి. ఇస్త్రీ బండాయన కిందనుంచి, 'రాజారావూ, టీ చెప్పమంటావా' అన్నాడండి. చెప్పు అందామనుకున్నాను. మళ్ళీ పిలిచాడు. 'పనిలో ఉన్నాడులే, పలకడు' అని ఇంకొకాయన అన్నాడు. ఎవరో నవ్వారు కూడానండి. తర్వాత ఇస్త్రీ పెట్టె కింద పెట్టిన చప్పుడు. అందరూ అక్కడే ఉన్నారండి. నేనొక్కణ్ణే ఎక్కడో ఉన్నాను."

మళ్ళీ అతనే, "ఎంతసేపండీ?" అని అడిగాడు.

నిమిషంలోపే అయ్యుంటుందని చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. అంత తక్కువ కాదని అతని ఉద్దేశం.

తర్వాత అతనికి సబ్‌స్టేషన్లో కూర్చుని చేసే పని ఇచ్చారు. మళ్ళీ స్తంభం ఎక్కలేదు. నన్ను ఒక్క మాట అన్లేదు. అనుంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఏఈ గారు రిపోర్టులో "లైన్‌మన్ గ్లవ్స్ వేసుకోలేదు" అని రాయమన్నారు. రాశాను. అది నిజమే. మా సెక్షన్ మొత్తానికి ఒకే జత, అదీ చిల్లులు పడ్డది అన్న సంగతి రాయలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ కాగితం నా కళ్ళముందే తిరిగింది. మర్నాడు ఇంకో కాగితం రాసి పట్టుకెళ్ళాను. ఆవం పాస్ చేసింది నేను, పగటికి మార్చింది నేను, ఒక్క ఫేజు మాత్రమే ఆపమన్నది ఫలానా వారు, గ్లవ్స్ సంగతి ఇది.

ఆయన రెండుసార్లు చదివారు. "నా పేరు కూడా రాశావా?" అన్నారు.

"నా పేరు కింద రాశానండి."

ఆ కాగితాన్ని అలాగే పైకి పంపించారు. చెడ్డవాడు కాదాయన. ఫోన్లకి భయపడేవాడు, అంతే. డిపార్ట్‌మెంటులో నేను చూసిన ప్రమాదాలు చాలావరకు చెడ్డవాళ్ళ వల్ల జరగలేదు. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్ళూ ఎవరు ఫోన్ చేసినా సరే, పని జరిగితే ట్రాన్స్‌ఫార్మర్ మొత్తం ఆగేది.

మిల్లు, సూరమ్మ గారు

వసుంధర గారు మూడు నెలలు ఆవం వెలిగించలేదు. ఆరోజు సగంలో ఆగిన కుండలు పూత కరగక, బూడిద రాసినట్టు ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే బయటికి తీస్తూ, "ఒకవైపు ఎర్రగా, రెండు వైపులా నల్లగా ఉన్నాయని మీకు చెప్పాను కదండీ" అన్నారు.

"చెప్పారు. నేను వినలేదు" అన్నాను.

ఆవిడ వారం వారం ఆసుపత్రికి వెళ్ళి రాజారావుని చూసొచ్చేవారు.

మూడు ఫేజుల్లో ఏ ఒక్కటి పోయినా ఆవం మొత్తం దానంతటదే ఆగిపోయేలా ఒక పరికరం పెట్టించాను. పెట్టాక, ఫేజులు ఒక్కొక్కటీ పీకించి, ప్రతిసారీ ఆ వీధి స్తంభం దగ్గరికి నేనే నడిచి వెళ్ళి టెస్ట్ లాంపు పెట్టి చూశాను. మూడుసార్లూ చీకటి. మొదటి రోజున చెయ్యాల్సిన పరీక్ష అది. దానికి గంట కూడా పట్టలేదు.

సూరమ్మ గారికి చెప్పాలి. ఎగ్గొడదామా అని కూడా అనుకున్నాను. చివరికి వెళ్ళి అరుగు మీద కూర్చుని, ఆవం, కాయిల్సు, వెనక్కి వచ్చే కరెంటు, అన్నీ చెప్పాను. అడ్డుపడకుండా వింది.

"అయితే ఇంక వెలగదాండీ?"

"వెలగదు మామ్మగారూ."

"ఆరోజు మిమ్మల్ని నేను లోపలికి పిలవకపోతే ఆ అబ్బాయి ఏమయ్యేవాడండీ?"

ఆవిడే మళ్ళీ అందుకుంది.

"నేను మధ్యాహ్నం పూట నిద్రపోతానండి. ఆరోజు ఆ మూలుగుకే మెలకువొచ్చింది. లేచి గుమ్మంలోకి వస్తే మీరు వస్తున్నారు." కర్ర పట్టుకుని లేచింది. "మీరు చెప్పింది కూడా నిజమే అయ్యుంటాదిలెండి. కూకోండి, మజ్జిగ తెస్తాను."

ఆవిడ లోపలికి వెళ్ళాక, ఆ తలుపు వైపు చూడకుండా కూర్చోవడానికి నాకు కష్టమైంది. కరెంటు ఎలా వచ్చిందో నేను బొమ్మ గీసి చూపించగలను. నేను ఆ ఒక్కరోజు, ఆ ఒక్క వేళకి ఆ గుమ్మం ముందునుంచి ఎందుకు నడిచానో బొమ్మ గీయలేను. గీయడానికి ప్రయత్నించడం కూడా మానేశాను. నాకు తెలిసింది ఇది: ఆవిడ చెప్పిన కారణం నాకు నచ్చలేదని, ఆవిడ చూసినదాన్ని కూడా తోసేశాను. కంప్లయింటు చెప్పే మనిషి దెయ్యమని చెప్పినా, శని అని చెప్పినా, ఎప్పుడు వెలిగింది, ఎప్పుడు వెలగలేదు అని మాత్రం అడిగి రాసుకోండి.

భీమవరంలో

కొన్నేళ్ళకి నన్ను భీమవరం వైపు వేశారు. అంతా రొయ్యల చెరువులు, గట్ల మీద మోటార్లు. ఏ మోటారు ఏ తీగెని వెనకనుంచి బతికిస్తుందో ఎవరికీ తెలీదు. ఒకరోజు పొద్దున్న పదింటికి గట్టు వెంట వస్తుంటే, దూరంగా స్తంభం మీద మా లైన్‌మన్ ఒకడు కనిపించాడు. రెండు చేతులూ పైకెత్తి తీగె దగ్గర పెట్టుకుని ఉన్నాడు. కదలట్లేదు.

పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. గట్టిగా పిలిచాను. గాలి, నీళ్ళ చప్పుడు. పక్కన చెరువులో మేత చల్లుతున్నాయన "పనిలో ఉన్నాడండి" అన్నాడు.

ఆ మాట వినగానే ట్రాన్స్‌ఫార్మర్ వైపు పడుతూ లేస్తూ పరిగెడుతూ, మూడోసారి అతని పేరు అరిచాను. ఆ అరుపు చెరువు అవతలి గట్టు దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

స్తంభం మీద మనిషి మెల్లగా తల తిప్పాడు. పళ్ళ మధ్య బిగించి పట్టుకున్న తీగె ముక్కా, రెండు బోల్టులూ చేతిలోకి తీసుకుని, "ఏంటండీ ఆ కేకలు? నోట్లో సామాను పెట్టుకుని ఎలా పలకనండీ?" అన్నాడు విసుగ్గా.

నేను గట్టు మీద బురదలోనే కూలబడ్డాను.

"ఇకనుంచి నోట్లో ఏమీ పెట్టుకోకు. నేను పిలిస్తే పలకాలి" అన్నాను.

"సర్లెండి" అన్నాడు.

"ఇప్పుడొకసారి పలుకు."

పైనుంచి నన్ను వింతగా చూశాడు. మేత చల్లే ఆయన కూడా చెయ్యి ఆపి చూశాడు.

"ఆయ్, ఉన్నానండి" అన్నాడు.